చెరువుకు మరవ – రాజ్యాంగానికి అభిశంసన

ఏ రాజ్యంలోనైనా అధికారం ఎవరికో ఒకరికి దక్కుతుంది. రాజరికంలో అది వంశక్రమంగా వస్తుంది. ప్రజాస్వామ్యంలో ప్రజల ఓటు వలన వస్తుంది. అయితే అధికారం ఎలా వచ్చిందన్న ప్రశ్నతోపాటు, దానిని దుర్వినియోగం చేసినప్పుడు అడిగేవారెవరు, ఏ పద్ధతిలో అడుగుతారు, అడిగిన తరువాత ఏమి చేస్తారు అన్న ప్రశ్నలు కూడా ముఖ్యమైనవే. ఒక రాజ్యవ్యవస్థ ఎంత నాగరికమైనదో ఈ ప్రశ్నలకు అది చెప్పే సమాధానాన్ని బట్టి తెలుస్తుంది. సామాన్యుడు తప్పు చేస్తే విచారించడానికి న్యాయస్థానాలున్నాయి. దేశానికి ప్రథమ పౌరుడైన రాష్ట్రపతియే రాజ్యాంగాన్ని అతిక్రమిస్తే ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు మన రాజ్యాంగం చెప్పిన సమాధానం పేరు అభిశంసన.

అభిశంసన అంటే అత్యున్నత పదవిలో ఉన్న వ్యక్తిపై చట్టసభ విధివిధానాల ప్రకారం నేరారోపణ చేసి, విచారించి, ఆరోపణ రుజువైతే పదవినుండి తొలగించడం. ఈ మాట వార్తాపత్రికలలో తరచుగా కనిపిస్తుంది. కాని దీని వెనుక ఉన్న ఆలోచన ఎంత పాతదో, దానిని ఒక పద్ధతిగా మలచడానికి మానవజాతికి ఎంతకాలం పట్టిందో గ్రహించినవారు తక్కువ. దానిని తెలుసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. అనంతపురం పీఠభూమి మీద, హిందూపురానికి సమీపంలో ఉన్న లేపాక్షి నుండి ఆరంభించవచ్చు.

లేపాక్షి కథ

2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడు చేరిన లేపాక్షి, అంతకుముందు అనంతపురం జిల్లాలో భాగంగా ఉండేది. వర్షాభావానికి పేరుపొందిన ఈ నేలమీద, కూర్మశైలమనే చిన్న గుట్టపై వీరభద్రస్వామి దేవాలయం వెలసింది. పదహారవ శతాబ్దంలో, విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు దీనిని నిర్మింపజేశారు. ఏకశిలా నంది, వేలాడే స్తంభం, పైకప్పు మీది వర్ణచిత్రాలు ఈ ఆలయానికి దేశవిదేశాలలో కీర్తి తెచ్చాయి. వీటితోపాటు యాత్రికులు తప్పక చూసేవి మరి రెండున్నాయి. ఒకటి అసంపూర్ణంగా మిగిలిన కల్యాణమండపం. రెండవది గోడమీది ఎర్రని మరకలు.

ఈ మరకలను గూర్చి జనశ్రుతిలో ఒక కథ ఉన్నది. విరూపణ్ణ పెనుగొండలో రాయలవారి కోశాధికారిగా ఉండేవాడట. రాజు అనుమతి లేకుండా ధనాగారంలోని సొమ్మును ఆలయ నిర్మాణానికి వెచ్చించాడని గిట్టనివారు రాజుకు చెప్పారట. ఆగ్రహించిన రాజు అతని కన్నులు తీయించవలసిందిగా ఆజ్ఞాపించాడట. ఆ వార్త విన్న విరూపణ్ణ భటులు వచ్చేదాకా ఆగక, తన కన్నులను తానే పెకలించి గోడకు విసిరాడట. ఆ నెత్తుటి చారలే ఈ మరకలని, కల్యాణమండపం ఆగిపోవడానికి ఇదే కారణమని స్థానికులు చెబుతారు. లేపాక్షి అన్న పేరును కూడా కొందరు ఈ కథతో ముడిపెడతారు. మరికొందరు జటాయువు కథతో ముడిపెడతారు.

ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. అయినా జనం శతాబ్దాలుగా ఒక కథను మరువకుండా చెప్పుకొంటున్నారంటే అందులో వారిని బాధించినదేదో ఉన్నదని అర్థం. విరూపణ్ణ దోషియా, నిర్దోషియా అన్నది ఈ కథలో తేలదు. తేలే అవకాశమే అతనికి దొరకలేదు. అతనిపై వచ్చిన ఆరోపణ వ్రాతపూర్వకమైనది కాదు. ఆరోపించినవారెవరో అతనికి తెలియదు. ఆరోపణను విన్నవాడు, విచారించవలసినవాడు, శిక్ష విధించినవాడు ఒక్కడే. తన పక్షం చెప్పుకొనడానికి అతనికి వేదిక లేదు. ప్రభుత్వ ధనానికి లెక్క అడగడం న్యాయమే. అడిగిన పద్ధతి మాత్రం న్యాయం కాదు. ఆ గోడమీది మరకలలో జనం చూసినది ఈ అన్యాయాన్నే కావచ్చు.

అదే ఆలయపు పైకప్పు మీద మనునీతి చోళుని కథ చిత్రితమై ఉన్నది. రాకుమారుని రథచక్రం కింద పడి ఒక లేగదూడ మరణించగా, తల్లి ఆవు వచ్చి ధర్మగంట మ్రోగించిందని, రాజు కన్నకొడుకుకే మరణశిక్ష విధించాడని ఆ కథ చెబుతుంది. ఇందులో న్యాయం జరిగింది. అయితే అది రాజు మంచితనం వలన జరిగింది. రాజు చెడ్డవాడైతే ధర్మగంట ఎంత మ్రోగినా వినేవాడుండడు. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. తప్పు చేసినవాడు రాకుమారుడు కాక రాజే అయితే గంట మ్రోగించవలసినది ఎవరి ద్వారం వద్ద? ప్రాచీన రాజనీతి ఈ ప్రశ్నను రాజు అంతరాత్మకు విడిచిపెట్టింది. ఆధునిక రాజ్యాంగం దానిని చట్టసభకు అప్పగించింది.

అభిశంసన పుట్టుక

అభిశంసన పద్ధతి ఇంగ్లాండులో పుట్టింది. 1376లో సమావేశమైన అక్కడి పార్లమెంటు, రాజుకు సన్నిహితులైన అధికారులపై ప్రజాధన దుర్వినియోగం ఆరోపించి విచారణ జరిపింది. దిగువసభ ఆరోపించడం, ఎగువసభ విచారించడం అన్న సంప్రదాయం ఆనాడు ఆరంభమైనది. రాజును నేరుగా ప్రశ్నించే వీలు లేని కాలంలో, రాజు పేరుమీద అధికారం చెలాయించేవారిని ప్రశ్నించడానికి ప్రజాప్రతినిధులు కనుగొన్న మార్గమిది.

ఈ చరిత్రతో భారతదేశానికి కూడా సంబంధమున్నది. బెంగాలుకు మొదటి గవర్నర్ జనరల్‌గా పనిచేసిన వారన్ హేస్టింగ్స్‌పై ఇక్కడి ప్రజలను, పాలకులను పీడించి ధనార్జన చేశాడన్న ఆరోపణలతో బ్రిటిష్ పార్లమెంటులో అభిశంసన జరిగింది. ఎడ్మండ్ బర్క్ ముందుండి ఆ వాదనను నడిపాడు. 1788లో మొదలైన విచారణ ఏడేళ్లపాటు సాగి, 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా విడుదల కావడంతో ముగిసింది. శిక్ష పడకపోయినా, దూరదేశంలో చేసిన పనికి కూడా అధికారి స్వదేశంలో జవాబు చెప్పవలసి ఉంటుందని ఆ విచారణ లోకానికి చాటింది.

తరువాత అమెరికా రాజ్యాంగం ఈ పద్ధతిని స్వీకరించి ఒక ముఖ్యమైన మార్పు చేసింది. ఇంగ్లాండులో అభిశంసనకు గురైనవారికి చెరసాల, కొన్ని సందర్భాలలో మరణశిక్ష కూడా పడేవి. అమెరికా దీనిని పదవినుండి తొలగించడానికి, మళ్లీ పదవి చేపట్టకుండా అనర్హుని చేయడానికి పరిమితం చేసింది. నేరం ఉంటే దాని సంగతి సాధారణ న్యాయస్థానాలు చూసుకొంటాయి. ఈ మార్పుతో అభిశంసన ప్రతీకార సాధనం కాకుండా పోయింది. కన్నులు తీయడం నుండి కుర్చీ తీయడం వరకు రాజనీతి చేసిన ప్రయాణం ఇది.

మన రాజ్యాంగం చెప్పినది

భారత రాజ్యాంగ పరిషత్తులో అనంతపురం సీమకు చెందిన నీలం సంజీవరెడ్డి, కల్లూరు సుబ్బారావు వంటివారు కూడా సభ్యులుగా ఉన్నారు. ఆ పరిషత్తు రూపొందించిన రాజ్యాంగంలోని 56వ అధికరణం, రాజ్యాంగాన్ని ఉల్లంఘించినందుకు రాష్ట్రపతిని అభిశంసన ద్వారా తొలగించవచ్చునని చెబుతుంది. ఆ పని ఎలా చేయాలో 61వ అధికరణం వివరిస్తుంది. ఇక్కడ ఆధారం ఒక్కటే, అది రాజ్యాంగ ఉల్లంఘన. రాష్ట్రపతి నిర్ణయం నచ్చకపోవడం, ఆయన రాజకీయాభిప్రాయాలు గిట్టకపోవడం ఇందుకు చాలవు.

అభిశంసన ప్రక్రియను పార్లమెంటులోని ఏ సభయైనా ప్రారంభించవచ్చు. ఆ సభ మొత్తం సభ్యులలో కనీసం నాలుగవ వంతు మంది సంతకాలు చేసి, 14 రోజులకు తక్కువ కాకుండా ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. నేటి లెక్క ప్రకారం లోక్‌సభలో 543 మంది సభ్యులున్నారు కనుక 136 మంది, రాజ్యసభలో 245 మంది ఉన్నారు కనుక 62 మంది సంతకాలు అవసరం. ఆ తరువాత తీర్మానాన్ని మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతులకు తగ్గని ఆధిక్యంతో ఆమోదించాలి. అంటే లోక్‌సభలో 362 మంది, రాజ్యసభలో 164 మంది అనుకూలంగా ఓటు వేయాలి. హాజరైనవారిలో మూడింట రెండు వంతులు సరిపోదు. సభకు రానివారు, ఓటు వేయనివారు కూడా లెక్కలో ఉంటారు.

ఒక సభ ఆరోపణ చేసిన తరువాత రెండవ సభ దానిని విచారిస్తుంది, లేదా విచారణకు ఏర్పాటు చేస్తుంది. ఆరోపించినవారే తీర్పరులు కాకూడదన్న ధర్మసూత్రం ఇందులో ఇమిడి ఉన్నది. ఆ విచారణలో స్వయంగా హాజరయ్యే హక్కు, తన తరఫున వాదించేవారిని నియమించుకొనే హక్కు రాష్ట్రపతికి ఉన్నాయి. ఆరోపణ రుజువైనదని రెండవ సభ కూడా మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతుల ఆధిక్యంతో తీర్మానిస్తే, ఆ తీర్మానం జరిగిన నాటినుండి రాష్ట్రపతి పదవిని కోల్పోతారు. విరూపణ్ణ కథలో లోపించినవన్నీ ఇక్కడ వరుసగా కనిపిస్తాయి. ఆరోపణ వ్రాతలో ఉంటుంది. ఆరోపించేవారి సంతకాలుంటాయి. సిద్ధపడడానికి గడువుంటుంది. ఆరోపణకు, విచారణకు వేరు వేరు సభలుంటాయి. జవాబు చెప్పుకొనే హక్కు ఉంటుంది.

మరొక విశేషమున్నది. రాష్ట్రపతి ఎన్నికలో రాష్ట్రాల శాసనసభ్యులు ఓటు వేస్తారు. అభిశంసనలో వారికి పాత్ర లేదు. పార్లమెంటులోని నామినేటెడ్ సభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేదు. అభిశంసనలో మాత్రం వారు పాల్గొనవచ్చు. ఎన్నిక అన్నది దేశంలోని అన్ని ప్రాంతాల సమ్మతిని తెలిపే క్రియ. అభిశంసన విచారణతో కూడిన క్రియ కనుక దానిని పార్లమెంటు బాధ్యతగా ఉంచారు.

ఇంతవరకు భారతదేశంలో ఏ రాష్ట్రపతిపైనా ఈ అధికరణాన్ని ప్రయోగించలేదు. వాడని సాధనం ఉండి ప్రయోజనమేమిటని కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు రాయలసీమ రైతు తేలికగా సమాధానం చెప్పగలడు. ఏటా తక్కువ వర్షం మాత్రమే కురిసే ఈ సీమలో పూర్వులు చెరువులు త్రవ్వించారు. ప్రతి చెరువుకూ కట్టతోపాటు తూమును, మరవను నిర్మించారు. చెరువు నిండి మరవ పారడం కరవు నేలలో ఎన్నో ఏళ్లకొకసారి జరిగే వింత. అలాగని మరవ లేకుండా చెరువు కట్టినవారెవరూ లేరు. ఏ ఒక్క ఏడాది అయినా మితిమీరిన వాన కురిస్తే, మరవ లేని చెరువుకు కట్ట తెగుతుంది, కింది ఊరు కొట్టుకొనిపోతుంది. మరవ ఎత్తు మరీ తక్కువైతే చెరువులో నీరు నిలువదు. మరీ ఎక్కువైతే కట్టకు ప్రమాదం. అభిశంసన కూడా అంతే. అది సులభమైతే ఏ రాష్ట్రపతీ నిర్భయంగా పనిచేయలేడు. అసాధ్యమైతే అధికారానికి హద్దు ఉండదు.

1979 నాటి పరీక్ష

యువ ప్రజాస్వామ్యం ఈ మరవ దగ్గరకు వచ్చిన సందర్భం ఒకటున్నది. దానికి కేంద్రబిందువైన వ్యక్తి అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో జన్మించిన నీలం సంజీవరెడ్డి. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు ఆయన తొలి ముఖ్యమంత్రి. 1962లో మళ్లీ ఆ పదవి చేపట్టారు. కర్నూలు ప్రాంతంలో బస్సు మార్గాల జాతీయీకరణకు సంబంధించిన వ్యాజ్యంలో, ముఖ్యమంత్రి రాజకీయ కారణాలతో ఆ నిర్ణయం చేయించారన్న ఆరోపణ వచ్చింది. దానికి ఆయన స్వయంగా ప్రమాణపత్రం ద్వారా జవాబు చెప్పలేదన్న విషయాన్ని సుప్రీంకోర్టు గమనించి, ప్రతికూల వ్యాఖ్యలు చేసింది. ఆయనను తొలగించమని కోర్టు చెప్పలేదు. శాసనసభ అవిశ్వాసం ప్రకటించలేదు. అయినా 1964లో ఆయన రాజీనామా చేశారు. న్యాయస్థానం మాటకు పదవికంటె ఎక్కువ విలువ ఉన్నదన్న సంప్రదాయానికి ఇది ఒక ఉదాహరణగా నిలిచింది.

1967లో ఆయన హిందూపురం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికై సభాపతి అయ్యారు. సభాపతి నిష్పక్షపాతంగా ఉండాలన్న భావంతో పార్టీ సభ్యత్వాన్ని వదులుకొన్నారు. 1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించగా జరిగిన ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేసి, మరొక తెలుగువాడైన వరాహగిరి వెంకటగిరి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నిక చెల్లదని కొందరు సుప్రీంకోర్టును ఆశ్రయించగా, పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి 1970లో స్వయంగా న్యాయస్థానానికి వెళ్లి సాక్ష్యం చెప్పారు. న్యాయస్థానం పిటిషన్లను కొట్టివేసింది. దేశాధినేత సాక్షిగా నిలబడిన ఆ దృశ్యం, రాజ్యాంగం కంటె ఎవరూ అధికులు కారన్న సూత్రాన్ని ప్రజలకు కన్నులకు కట్టించింది.

1977లో సంజీవరెడ్డి నంద్యాల నుండి జనతాపార్టీ అభ్యర్థిగా గెలిచి, మరల లోక్‌సభాపతియై, కొద్దికాలానికే రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. రెండేళ్లు గడిచేసరికి జనతాపార్టీలో చీలికలు వచ్చాయి. 1979 జులై 15న ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. తరువాత ఎవరిని పిలవాలన్నది రాష్ట్రపతి నిర్ణయించవలసి వచ్చింది. స్పష్టమైన ఆధిక్యం ఎవరికీ లేనప్పుడు రాష్ట్రపతి విచక్షణకు రాజ్యాంగంలో వివరమైన మార్గదర్శకాలు లేవు. పోటీపడినవారినుండి మద్దతుదారుల జాబితాలు తెప్పించుకొని, వాటిని పరిశీలించి, సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను ఆహ్వానించారు. జులై 28న చరణ్‌సింగ్ ప్రమాణస్వీకారం చేశారు. ఆగస్టులోనే లోక్‌సభ విశ్వాసం పొందవలసిందిగా రాష్ట్రపతి ఆయనను కోరారు.

ఆ విశ్వాస పరీక్ష జరగలేదు. ఇందిరాగాంధీ నాయకత్వంలోని కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకొనడంతో, లోక్‌సభను ఎదుర్కొనకుండానే ఆగస్టు 20న చరణ్‌సింగ్ రాజీనామా చేసి, సభను రద్దు చేయవలసిందిగా సలహా ఇచ్చారు. అప్పటికి జనతాపార్టీ నాయకుడుగా ఎన్నికైన జగ్జీవన్‌రామ్ ప్రభుత్వం ఏర్పాటు చేయడానికి తనకు అవకాశమివ్వాలని కోరారు. ఆయనకు అవకాశమివ్వక, ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. జనతాపార్టీ నాయకులు తీవ్రంగా ఆగ్రహించారు. రాష్ట్రపతిని అభిశంసిస్తామని హెచ్చరించారు. స్వతంత్ర భారతంలో ఆ మాట అంత గట్టిగా వినిపించిన సందర్భం అరుదు.

ఉభయ పక్షాల వాదనలలోనూ బలమున్నది. ఒక్కరోజు కూడా సభ విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చిన సలహాను రాష్ట్రపతి ఎందుకు పాటించాలన్నది విమర్శకుల ప్రశ్న. దళిత నాయకుడైన జగ్జీవన్‌రామ్‌కు ప్రధాని అయ్యే అవకాశం చేజారిందన్న బాధ కూడా వారికి ఉండేది. పార్టీ ఫిరాయింపులతో నిండిన సభలో ఏ ప్రభుత్వమూ నిలువదని, ప్రజల తీర్పు కోరడమే ఉత్తమమని, మంత్రివర్గ సలహా మేరకు నడవడం రాష్ట్రపతి విధి అని సమర్థకుల వాదన. 1976లో వచ్చిన 42వ సవరణ మంత్రివర్గ సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని స్పష్టం చేసింది. 1978 నాటి 44వ సవరణ ఆ సలహాను ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలు కల్పించింది. కాని సలహా ఇచ్చే ప్రధానికే సభలో ఆధిక్యం ఉన్నదో లేదో తెలియనప్పుడు ఏమి చేయాలో ఈ సవరణలు చెప్పలేదు. ఒక నిర్ణయం వివాదాస్పదం కావడం వేరు, అది రాజ్యాంగ ఉల్లంఘన కావడం వేరు. 1979 నాటి చర్చ అంతా ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని గీత మీద జరిగింది.

ఆ సందర్భంలో మరొక సంగతి బయటపడింది. అభిశంసనకు రెండు సభలు కావాలి. లోక్‌సభ రద్దయి ఉన్నది. మిగిలిన రాజ్యసభ ఒక్కటే ఆరోపణనూ, విచారణనూ పూర్తి చేయలేదు. కొత్త లోక్‌సభ వచ్చేవరకు ఆ సాధనం నిద్రాణంగా ఉండవలసిందే. అధికారంలో ఉన్నవారిని అడిగే సభ లేని ఆ నెలలలో దేశం ఏమవుతుందన్న భయం కొందరికి కలిగింది. రాజ్యాంగంలోని ఈ ఖాళీని పూరించినది ప్రజలే. 1980 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఇందిరాగాంధీ నాయకత్వంలోని కాంగ్రెస్‌కు 353 స్థానాలు, జనతాపార్టీకి 31 స్థానాలు లభించాయి. కొత్త సభలో అభిశంసన ప్రస్తావనకు తావు లేకపోయింది. సంజీవరెడ్డి 1982 జులైలో పదవీకాలం పూర్తిచేసి అనంతపురానికి తిరిగివచ్చారు. 1996లో మరణించారు. ఆయన నిర్ణయాన్ని నేటికీ పండితులు చర్చిస్తూనే ఉన్నారు.

ఆ పరీక్షనుండి దేశం నేర్చుకొన్నది కూడా ఉన్నది. జాబితాలలోని పేర్లను, నాయకుల మాటలను నమ్మడం కంటె, సభలో బహిరంగంగా ఓట్లు లెక్కించడం మంచిదన్న అభిప్రాయం క్రమంగా బలపడింది. ఆధిక్యాన్ని తేల్చవలసిన చోటు శాసనసభయే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసు రాష్ట్రాలకు సంబంధించినది. కేంద్రంలో కూడా అదే సంప్రదాయం నిలిచింది. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో విశ్వాసం కోల్పోయి రాజీనామా చేసింది. ఆ ఒక్క ఓటును ఎవరూ బలంతో మార్చడానికి పూనుకొనలేదు.

న్యాయమూర్తుల విషయం

సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల తొలగింపుకు కూడా రాజ్యాంగంలో ఇటువంటి కఠినమైన పద్ధతి ఉన్నది. దానిని కూడా లోకవ్యవహారంలో అభిశంసన అనే అంటారు. 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. రామస్వామిపై లోక్‌సభలో తీర్మానం వచ్చింది. 196 మంది అనుకూలంగా ఓటు వేశారు. వ్యతిరేకంగా ఒక్కరూ వేయలేదు. కాని 205 మంది ఓటింగుకు దూరంగా ఉండడంతో తీర్మానం వీగిపోయింది. 2011లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్రసేన్‌పై రాజ్యసభ తీర్మానాన్ని ఆమోదించగా, లోక్‌సభ చేపట్టక ముందే ఆయన రాజీనామా చేశారు. ఓటు వేయకుండా మౌనంగా కూర్చున్నవారు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తారని మొదటి ఉదాహరణ తెలుపుతుంది. పద్ధతి సగం దూరం నడిచినా పని చేయగలదని రెండవది తెలుపుతుంది.

ఇతర దేశాల అనుభవం

అభిశంసనకు పెద్ద చరిత్ర ఉన్న అమెరికాలో ఇంతవరకు ఏ అధ్యక్షుడూ ఆ మార్గంలో పదవి కోల్పోలేదు. 1868లో ఆండ్రూ జాన్సన్ సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు. 1974లో రిచర్డ్ నిక్సన్ అభిశంసన తప్పదని గ్రహించి రాజీనామా చేశారు. 1999లో బిల్ క్లింటన్, 2020లోను, 2021లోను డొనాల్డ్ ట్రంప్ సెనేట్‌లో నిర్దోషులుగా తేలారు. పార్టీ విధేయత బలంగా ఉన్నచోట మూడింట రెండు వంతుల ఆధిక్యం సాధించడం ఎంత కష్టమో ఈ ఉదాహరణలు తెలియజేస్తాయి.

మనకంటె ఆలస్యంగా ప్రజాస్వామ్య మార్గంలోకి వచ్చిన దేశాలలో కథ వేరుగా ఉన్నది. దక్షిణ కొరియాలో సైనిక ప్రాబల్యం తగ్గి, అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకొనే పద్ధతి 1987లో తిరిగి వచ్చింది. 2004లో అక్కడి జాతీయసభ అధ్యక్షుడు రో మూహ్యున్‌ను అభిశంసించింది. ఆయన తప్పు చేసిన మాట నిజమైనా, అది పదవినుండి తొలగించేటంత తీవ్రమైనది కాదని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పి, ఆయనను మళ్లీ పదవిలో నిలిపింది. 2017లో అదే న్యాయస్థానం పార్క్ గున్‌హేను తొలగించింది. 2024 డిసెంబరులో సైనికశాసనం ప్రకటించిన యూన్ సుక్‌యోల్‌ను 2025 ఏప్రిల్‌లో తొలగించింది. ఒకే పద్ధతి ఒకరిని నిలిపింది, ఇద్దరిని దించింది. మూడు పర్యాయాలూ తీర్పు అమలైంది. తరువాత ఎన్నికలు జరిగాయి.

బ్రెజిల్ అనుభవం మరొక కోణాన్ని చూపుతుంది. అక్కడ సైనికపాలన ముగిశాక ప్రజలు నేరుగా ఎన్నుకొన్న మొదటి అధ్యక్షుడు ఫెర్నాండో కోలోర్, అవినీతి ఆరోపణలతో 1992లో అభిశంసనకు గురయ్యారు. దేశంలో అధికభాగం దానిని హర్షించింది. 2016లో దిల్మా రౌసెఫ్‌ను బడ్జెట్ నియమాల ఉల్లంఘన ఆరోపణపై తొలగించినప్పుడు దేశం రెండుగా చీలింది. ప్రత్యర్థులు ఎన్నికలో సాధించలేనిదాన్ని అభిశంసనతో సాధించారని ఒక వర్గం నేటికీ నమ్ముతున్నది. విధానం అక్షరాలా పాటించినా, ఆరోపణ తీవ్రతను ప్రజలు నమ్మకపోతే గాయం మానదని ఇది తెలియజేస్తుంది.

పరిణతి అంటే ఏమిటి?

అభిశంసనలు ఎక్కువగా జరిగిన దేశం పరిణతి చెందినదని గాని, ఒక్కటీ జరగని దేశం నిర్దోషమైనదని గాని చెప్పలేము. పరిణతిని కొలవడానికి వేరే గుర్తులున్నాయి. ఎంత పెద్దవారినైనా ప్రశ్నించే మార్గం వ్రాతలో ఉండాలి. ఆ మార్గంలో ప్రశ్నింపబడినవారికి జవాబు చెప్పే హక్కు ఉండాలి. ఇష్టం లేని నిర్ణయాన్ని, రాజ్యాంగ ఉల్లంఘనను వేరుచేసి చూడగల నిగ్రహం ప్రతినిధులకు ఉండాలి. తీర్పు తమకు ప్రతికూలమైనా దానిని అంగీకరించే సంస్కారం గెలిచినవారికీ, ఓడినవారికీ ఉండాలి. 1979లో అభిశంసిస్తామని హెచ్చరించినవారు వీధులలో బలప్రదర్శనతో రాష్ట్రపతి భవనాన్ని ముట్టడించలేదు. ఎన్నికలకు వెళ్లారు, ఓడిపోయారు, ఓటమిని అంగీకరించారు. గణతంత్రమై ముప్పై ఏళ్లైనా నిండని దేశానికి ఇది చిన్న విజయం కాదు.

అయితే ఒక సాధనం ఉన్నదన్న ధీమాతో ఏమరుపాటుగా ఉండడం కూడా ప్రమాదమే. మరవ ఉన్న చెరువుకైనా ఏటా కట్టమీది కంపను కొట్టి, మరవకు అడ్డుపడిన మట్టిని తీయకపోతే, వరద వచ్చిన రోజున అది పనిచేయదు. అలాగే చట్టసభలలో చర్చ క్షీణిస్తే, ప్రతినిధులు అంతరాత్మను పక్కనపెట్టి నాయకుల కనుసన్నలలో ఓటు వేస్తే, పత్రికలు ప్రశ్నించడం మానితే, 61వ అధికరణం కాగితం మీది అక్షరాలుగా మిగిలిపోతుంది. రాజ్యాంగాన్ని ప్రతిదినం శుభ్రపరచే పని పౌరులది.

1988 నాటి 61వ రాజ్యాంగ సవరణ ఓటు హక్కు వయస్సును 21 నుండి 18 ఏళ్లకు తగ్గించింది. కళాశాల చదువు పూర్తి అయ్యేలోపలే నేటి విద్యార్థులు ఓటర్లవుతున్నారు. అభిశంసన తీర్మానంపై ఓటు వేసే సభ్యులను ఎన్నుకొనేది వారే. తీర్మానం న్యాయమైనదా, కక్షతో కూడినదా అని చివరకు తేల్చవలసినదీ వారే. ఆరోపణ విన్నవెంటనే శిక్ష కోరే తొందరపాటు, పెద్దవారన్న కారణంతో ప్రశ్నించడానికి జంకే పిరికితనం రెండూ పౌరునికి తగవు. ఆధారం అడగడం, ఎదుటి పక్షం వినడం, తరువాత నిర్ణయించడం అలవాటు చేసుకొన్న యువత ఉన్నచోట ప్రజాస్వామ్యానికి వయస్సు తక్కువైనా పరిణతికి లోటుండదు.